ఎగువన వాన, దిగువన మనం

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలంలో నేరబైలు దాటి, సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దిగి, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని అడవి గుండా నడిస్తే దాని కిందికి చేరతాం. బయల్దేరే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడు నీళ్లున్నాయా?" అడగాల్సిందే. కానీ దాని వెనకే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ నీళ్లు ఎక్కడ పడ్డాయి, ఎప్పుడు పడ్డాయి?

జలపాతం దగ్గర మనం చూసేది కథలో చివరి ఘట్టమే. అంతకు ముందు జరిగినదంతా ఎగువన, మన కంటికి ఆనని చోట జరుగుతుంది. కాబట్టి ఒక్క రోజు కొండ నడకకైనా సరే, పథకం వేయడమంటే సామాన్ల జాబితా రాసుకోవడం కాదు. ఎగువన ఏం జరుగుతుందో ఇంట్లోనే కూర్చుని ఊహించి లెక్కకట్టడం. ఈ అధ్యాయంలో ఆ లెక్కలు చేద్దాం. అన్నీ హైస్కూలు భౌతికశాస్త్రం దాటనివే.

ఒకే ధార, రెండు నీళ్లు

తలకోన ఉన్న శేషాచలం కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే రాయి. ఒకప్పటి ఇసుక తిన్నెలు భూగర్భపు ఒత్తిడికి, వేడికి బిగుసుకుని ఈ రాయి అయ్యాయి. కొన్ని బండల మీద వేలితో తడిమితే వరసగా చిన్న చిన్న గట్లు తగులుతాయి. లోతు తక్కువ నీళ్ల అడుగున ఇసుక మీద అలలు వేసిన గుర్తులవి. తిరుమల కనుమదారిలో ఈ రాయి కింద అంతకన్నా ఎంతో పాతదైన గ్రానైటు కనిపిస్తుంది. రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల అంతరం. ఆ కాలపు పొరలేవీ అక్కడ లేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

నడిచేవాళ్లకు ఈ రాయి గుణాలు రెండు ముఖ్యం. ఒకటి, ఇది అంత తేలిగ్గా అరగదు, కరగదు. నిలువు పగుళ్ల వెంట పలకలు పలకలుగా విరిగి పడుతుంది. అందుకే కొండ అంచు వాలుగా కాక గోడలా నిలబడి, దాని మీంచి నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. గోడ కింద పరుచుకున్న పెద్ద పెద్ద బండలన్నీ ఒకనాడు పైన ఉన్నవే. రెండు, దీని మీద మట్టి పలచగా ఉంటుంది. కురిసిన వానలో కొంత పగుళ్లలోకి దిగి, లోపల్లోపలే ప్రయాణించి, వారాలూ నెలలూ ఊటగా బయటికి వస్తుంది. ఇంకని నీరు బండల మీంచి నేరుగా వాగులోకి పరుగెడుతుంది.

అంటే ఒకే ధారలో నెమ్మది నీరు, తొందర నీరు అని రెండు రకాలున్నాయి. నెమ్మది నీరు తేటగా, రోజుల తరబడి ఇంచుమించు ఒకే తీరున పడుతుంది. మనం చూడటానికి వెళ్లేది దాన్నే. తొందర నీరు ఎర్రగా, చెప్పాపెట్టకుండా వస్తుంది. మనుషుల్ని లాక్కుపోయేది అది. మంచి పథకం లక్ష్యం ఒక్కటే: మొదటిది నిండుగా ఉండి, రెండోది రాని రోజును ఎంచుకోవడం.

ఏ నెల?

ఈ ప్రశ్నకు తెలుగునేల అంతటికీ ఒకే జవాబు లేదు. ఆదిలాబాదు కుంటల, ములుగు జిల్లా బొగత జలపాతాలకు నైరుతి రుతుపవనాలే ఆధారం. జులై నుంచి సెప్టెంబరు దాకా వాటి ఉరవడి, ఆ తర్వాత కొన్ని వారాలు వాటి అందం. శేషాచలం సంగతి వేరు. నైరుతి గాలులు పడమటి కనుమల దగ్గరే చాలా తడి వదిలేసి వస్తాయి కాబట్టి రాయలసీమకు దక్కేది కొంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలోని వాయుగుండాలు వచ్చి ఈ కొండలను అసలుగా తడుపుతాయి.

కాబట్టి తలకోనలో నీరు నవంబరులో ఉరవడి మీద ఉంటుంది. ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. 2021 నవంబరు వానలకు తిరుమల కనుమదారుల్లో కొండచరియలు విరిగిపడ్డాయి, కపిలతీర్థం దగ్గర వరద పోటెత్తింది, నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. పెద్ద వానలు వెనకబట్టాక, డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా పగుళ్లలో దాచుకున్న నీటితో ధార నిలకడగా ఉంటుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు అది సరైన కాలం.

తేదీ ఖాయం చేసుకున్నాక భారత వాతావరణ శాఖ సూచన చూడాలి. వాళ్ల భాషలో ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మన ఊరి సూచన చూసి ఊరుకోకూడదు. జలపాతానికి ఎగువనున్న కొండ ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో కనుక్కుని అక్కడి సూచన చూడాలి. వెళ్లే రోజుదే కాదు, అంతకు ముందు రెండు మూడు రోజుల వాన కూడా లెక్కే. నేల అప్పటికే తడిసి ముద్దయి ఉంటే కొత్తగా పడిన చినుకు ఇంకడానికి చోటుండదు.

ఒక సెంటీమీటరు వాన

చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన పడితే ఎంత నీరో చూద్దాం. పది లక్షల చదరపు మీటర్ల మీద సెంటీమీటరు మందం, అంటే పదివేల ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. ఓ మోస్తరు జల్లుకే ఇంత. సగం ఇంకిపోయిందనుకున్నా మిగిలిన యాభై లక్షల లీటర్లు ఒకే ఇరుకు వాగులోంచి రావాలి. కింద మన నెత్తిన ఎండ కాస్తుండగానే ఇదంతా జరిగిపోవచ్చు. మబ్బు కొండకు అవతలి వైపు ఉంటుంది, మనకు కనపడదు. నిటారు కొండ, చిన్న పరీవాహక ప్రాంతం అయినప్పుడు అక్కడి వాన ఇక్కడికి చేరడానికి గంటలు పట్టదు.

అయితే వాగు ముందుగా కొన్ని గుర్తులు పంపుతుంది. తేట నీటికి టీ రంగు తిరుగుతుంది. అంతదాకా లేని ఎండుటాకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తాయి. రొద మారుతుంది. గలగల పోయి లోపలినుంచి బండలు దొర్లుతున్నట్టు బరువైన చప్పుడు వినిపిస్తుంది. అరగంట క్రితం పొడిగా ఉన్న రాయి అంచు తడుస్తుంది. చేరగానే ఒడ్డున ఏదో ఒక రాయిని ఆనవాలు పెట్టుకుని మధ్యమధ్య దాన్ని చూస్తూ ఉండటం మంచి అలవాటు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా బట్టలూ చెప్పులూ సర్దుకోవడం తర్వాత. ముందు వాగు వదిలి గట్టెక్కాలి.

"మోకాలి లోతే కదా, దాటేద్దాం" అనే మాట ఎంత ప్రమాదమో చూడండి. నీటి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మోకాలికి కాస్త పైదాకా నీళ్లలో నిలబడ్డ మనిషి మీద, సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీరు సుమారు ఏడెనిమిది కిలోల బరువుతో నెట్టినట్టు నెడుతుంది. దాన్ని ఓర్చుకోగలం. వేగం రెండు మీటర్లయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే ముప్పై కిలోలు. మూడు మీటర్లయితే తొమ్మిదింతలు, దగ్గర దగ్గర డెబ్భై కిలోలు. కాళ్ల కింద పాకుడు పట్టిన బండ ఉంటే ఆ రెండోదానికే మనిషి పడిపోతాడు. లోతు మారకపోయినా వేగం మారితే చాలు.

పాకుడు గురించి ఒక మాట. తడి రాయి జారేది నీటి వల్లనే కాదు. రాతి మీద నాచు, డయాటములు, బాక్టీరియా కలిసి జిగురు పొరను కడతాయి. చెప్పు అడుగుకూ రాతికీ మధ్య ఆ పొర అడ్డుపడి పట్టు పోతుంది. ఎండిన తెల్లని రాయి మీద అడుగు వేయొచ్చు. నల్లగా, పచ్చగా మెరిసే రాయి మీద వేయకూడదు. ఎండి పగిలిన పాత నాచు కూడా ఒక్క చినుకుకు మళ్లీ జారుడవుతుంది. నున్నగా అరిగిన రబ్బరు చెప్పులు ఇంటి దగ్గరే వదిలేయాలి.

గడియారాన్ని వెనక నుంచి చదవడం

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సులువైన సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, ప్రతి ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట. ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. పోనూ రానూ ఎనిమిది కిలోమీటర్లు, మొత్తం 400 మీటర్ల ఎక్కుడు ఉన్న బాట ఒకటి అనుకుందాం. నడకకు 96 నిమిషాలు, ఎక్కుడుకు 40. వెరసి రెండుంపావు గంటలు.

కానీ ఈ సూత్రం చల్లటి దేశంలో, గట్టి కాళ్లున్నవాళ్ల కోసం పుట్టింది. మన ఉక్కలో, పిల్లలతో, సంచులతో, ఫొటోలతో నడిచే గుంపుకు కనీసం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. అప్పుడు దాదాపు మూడున్నర గంటలు. జలపాతం దగ్గర గంటన్నర, దారిలో విశ్రాంతికి అరగంట కలిపితే ఐదున్నర గంటలు.

స్కాట్లండుకీ మనకీ ఇంకో తేడా ఉంది. అక్కడ వేసవిలో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అస్తమించాక కూడా చాలాసేపు వెలుతురు నిలుస్తుంది. మన దగ్గర నిటారుగా దిగుతాడు. నవంబరు చివర్లో తిరుపతిలో సూర్యాస్తమయం సాయంత్రం 5:40 ప్రాంతంలో. ఆ తర్వాత ఇరవై నిమిషాలకే బాట కనపడనంత మసక. అది బయలు సంగతి. కోనలో పడమటి గోడ చాటుకు సూర్యుడు ఇంకా ముందే వెళ్లిపోతాడు, చెట్ల కింద చీకటి అంతకు ముందే మొదలవుతుంది.

ఇప్పుడు వెనక నుంచి లెక్కపెడదాం. అడవిలోంచి బయటపడాల్సింది నాలుగున్నరకు. ఐదున్నర గంటలు తీసేస్తే పదకొండు. ఏదైనా జరిగితే అక్కరకొచ్చేలా ఒక గంట చేతిలో ఉంచుకుంటే పది. కాబట్టి నడక పదింటికల్లా మొదలవ్వాలి. తిరుపతి నుంచి పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే టిఫినుకూ టికెట్లకూ తీరిక ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటల తర్వాత వేడెక్కిన నేల మీది తేమగాలి పైకి లేచి ఉరుముల మబ్బులు కట్టే అవకాశం ఎక్కువ. పొద్దున్నే నడవడానికి అదొక అదనపు కారణం. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కొండ అంచుల మీదికి, ఒంటరి చెట్ల కిందికి పోకూడదు.

చెమట లెక్క

65 కిలోల మనిషి ఐదు కిలోల సంచితో 400 మీటర్లు ఎక్కితే చేసే యాంత్రిక పని సుమారు 65 కిలో కెలోరీలు. కండరాలు తిన్నదాంట్లో పావు వంతే పనిగా మార్చగలవు. కాబట్టి ఒంట్లో ఖర్చయ్యేది 260 వరకు, అందులో రమారమి 200 వట్టి వేడి. దాన్ని వదిలించుకునే దారి చెమట. లీటరు చెమట ఆవిరైతే 580 కిలో కెలోరీల వేడి పోతుంది. ఆ లెక్కన ఎక్కుడుకు మూడోవంతు లీటరు చాలాలి.

కాగితం మీద చాలుతుంది, కోనలో చాలదు. గాలి ఆడని తేమ అడవిలో చెమట ఆవిరవదు, కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లార్చదు. ఒళ్లు మాత్రం ఇంకా ఇంకా చెమట తీస్తూనే ఉంటుంది. అందుకే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది. మనిషికి మూడు లీటర్లు తప్పనిసరి. నీటితో పాటు ఉప్పూ పోతుంది కాబట్టి ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో ఉండాలి. అవి లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గీసి సమానం చేసిన కొలతలో. చక్కెర రుచి కోసం కాదు. చిన్నపేగు గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ కలిపి లోపలికి తీసుకునే ద్వారం ఉంది. రెండూ కలిసి వెళ్తే నీరు వాటి వెంటే వెళ్తుంది.

వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయని తాగేయొద్దు. ఎగువన పశువులు దిగాయా, ఏ జంతువు చచ్చిపడిందా అన్నది కింద రంగులో తెలియదు. జియార్డియా వంటి పరాన్నజీవులు తేట నీటిలోనూ ఉంటాయి.

ఇక సద్దిమూట. పెద్దవాళ్లు ప్రయాణానికి పులిహోర కట్టడంలో రసాయనశాస్త్రం ఉంది. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి వాంతులు తెప్పించే విషాన్ని వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాని పెరుగుదలకు అడ్డుపడుతుంది. పెరుగన్నంలో ఆ పని లాక్టిక్ ఆమ్లానిది. కూర కలిపిన అన్నానికి ఆ రక్ష లేదు. ఏదైనా సరే అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో మూత పెట్టాలి. కోతులు ప్లాస్టిక్ సంచి చప్పుడును గుర్తుపడతాయి. మూత బిగిసే స్టీలు డబ్బా మేలు.

మడుగు దగ్గర

1847లో భౌతికశాస్త్రవేత్త జేమ్స్ జౌల్ పెళ్లయిన కొత్తలో ఆల్ప్స్ కొండలకు వెళ్లి, పొడవాటి థర్మామీటరుతో జలపాతాల దగ్గర తిరిగాడని మరో భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్ తర్వాత చెప్పుకొచ్చాడు. కింద పడిన నీరు తన శక్తినంతా వేడిగా మార్చుకోవాలి కదా, పైకీ కిందికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి కదా అన్నది జౌల్ తర్కం. తలకోన ఎత్తుకు ఆ లెక్క వేస్తే తేడా డిగ్రీలో ఐదో వంతు మాత్రమే. మన ఒంటికి అది తెలియదు. తెలిసేది అందుకు పూర్తిగా ఎదురు. చెదిరిన తుంపర్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తాయి కాబట్టి జలపాతం పక్కన చల్లగా ఉంటుంది.

270 అడుగుల నుంచి గాలి అడ్డులేకుండా పడే వస్తువు నేలను గంటకు 140 కిలోమీటర్లు దాటిన వేగంతో తాకుతుంది. నీరు తుంపర్లుగా విడిపోతుంది కాబట్టి గాలి దాన్ని ఆపగలదు. నీటితో పాటు దొర్లివచ్చే గుప్పెడు రాయిని ఆపలేదు. సరిగ్గా ధార కింద తల పెట్టి నిలబడకూడదనడానికి కారణం అదే.

మడుగు లోతు విషయంలో కళ్లను నమ్మొద్దు. వక్రీభవనం వల్ల ఎనిమిది అడుగుల లోతు పైనుంచి ఆరడుగుల్లా కనిపిస్తుంది. ధార పడేచోట నీళ్లు తెల్లగా ఉండేది బుడగల వల్ల. బుడగలు నిండిన నీటి సాంద్రత తక్కువ, అది మనిషిని సరిగా తేల్చదు. ఈత వచ్చినవాళ్లూ మునిగేది అక్కడే. మద్యం తాగినవాళ్లను నీళ్లలోకి దిగనివ్వకపోవడం గుంపులో మిగతావాళ్ల పని.

అడవిలో పొరుగువాళ్లు

ఈ కొండలు ఎర్రచందనానికి పుట్టిల్లు. దొంగరవాణా వల్ల ఇక్కడ గస్తీ ఎక్కువ, బాట వదిలి తిరిగే కొత్తముఖం మీద అనుమానమూ ఎక్కువే. జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం కూడా. అటవీశాఖ అనుమతి, వేళలు, వీలైతే స్థానిక గైడు, ఈ మూడూ ముందుగా చూసుకోవాలి. వాగు ఎప్పుడెలా మారుతుందో ఏళ్లుగా చూసిన మనిషి వెంట ఉంటే పై లెక్కలన్నిటికీ తోడు.

బండల గోడలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ, ఘాటైన సెంటు, రాళ్లు రువ్వడం వాటిని రేపుతాయి. బాట పక్కన గోధుమరంగు నూగుతో వేలాడే కాయలు దూలగొండివి. ఆ నూగులోని ప్రోటీను ఎంజైము చర్మానికి తగిలితే దురద ఆగదు. గోకకుండా, టేపు అంటించి నూగును లాగేసి, ఆపైన కడగాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలును కదలకుండా పెట్టి, 108కి చెప్పి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి మోసుకుపోవాలి. పొదల్లో కూర్చున్నప్పుడు కుట్టే నలుసంత పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఇంటికి వచ్చిన పది రోజులకో, రెండు వారాలకో జ్వరం తగిలి, ఒంటి మీద నల్లటి చెక్కు కనిపిస్తే డాక్టరుకు అడవికి వెళ్లిన సంగతి తప్పక చెప్పాలి. సకాలంలో గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గే జబ్బు.

కోనలో ఫోను సిగ్నలు ఉండదనే అనుకుని వెళ్లాలి. ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకోవడానికి సిగ్నలు అక్కర్లేదు, కానీ పటం ముందే దించుకోవాలి. నిటారు గోడల మధ్య ఆ స్థానమూ పదుల మీటర్లు తప్పుతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి బయటికి వస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

వెనుదిరిగే గంట

పైన లెక్కలో జలపాతం వదలాల్సిన సమయం కూడా ఉంది. తిరుగు నడకకు గంటా నలభై నిమిషాలు, చేతిలో అరగంట. నాలుగున్నరలోంచి తీసేస్తే రెండుంపావు దాటిన కాసేపటికి. ఆ గంటను ఇంట్లోనే కాగితం మీద రాసుకుని, అందరికీ వినిపించి బయల్దేరాలి. అప్పటికి ఎక్కడ ఉంటే అక్కణ్నుంచి వెనక్కి తిరగాలి, జలపాతం ఇంకో మలుపు అవతలే ఉన్నా సరే.

ఇంట్లోనే ఎందుకంటే, అక్కడ మనసు లెక్కకు లొంగదు. "ఇంత దూరం వచ్చాం, ఇంకెంత" అనిపిస్తుంది. నడిచిన దూరం ఎలాగూ తిరిగి రాదు, ముందున్న ప్రమాదంతో దానికి సంబంధం లేదు. అయినా మనిషి ఆ దూరాన్ని పెట్టుబడిలా లెక్కేసి మొండికేస్తాడు. అలసట, ఆకలి, పక్కవాళ్ల ఉత్సాహం తోడైతే చెప్పనక్కర్లేదు. అందుకే చివరి మాట బలంగా నడిచేవాడికి ఇవ్వకూడదు. గుంపులో అందరికన్నా వెనక నడిచేవాళ్లకు, అది పెద్దమ్మ గారైనా పదేళ్ల పిల్లయినా, ఇవ్వాలి. గడియారం చూడకుండానే గుంపు వేగం ఎంతో వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. వాళ్లు "ఇక చాలు" అంటే అదే లెక్క.